జాకీ కింద రేగడి మన్ను



ఈసారి పత్తి గురించి కాదు, ఉల్లి ధర గురించి కూడా కాదు. నా పాత కారు గురించి. పోయిన నవంబరులో దాని ముందు చక్రం దగ్గర పని చేస్తూ పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డాను. ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మనలో చానామంది ఇదే పని, ఇదే తీరుగా చేస్తున్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. కొంచెం పొడుగైతాది, తీరిక చేసుకొని చదవండి.

నాది మారుతీ 800, 2006 మోడల్. ఎమ్మిగనూరులో రిటైరైన ఒక సారు దగ్గర కొన్నాను. మంచి ఎద్దుల జత ధరలో సగం కూడా కాలేదు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ అనే ఆయన మొదటి బండి తాళాలు తీసుకున్నాడు. 2014 జనవరిలో కంపెనీ ఈ బండి చేయడం ఆపేసింది. అయినా మన పల్లెల్లో ఇంకా తిరుగుతానే ఉంది. విత్తనాల ప్యాకెట్లు, మందు డబ్బాలు, ఆసుపత్రి, పెండ్లిండ్లు, మంత్రాలయం, అన్నిటికీ అదే. సామాను దొరుకుతాది. మూడు సిలిండర్ల చిన్న ఇంజను. పానా పట్టడం వచ్చినోడు ఎవడైనా విప్పి చూడొచ్చు అనుకుంటాడు. నేనూ అట్లే అనుకున్నాను.

ఎండాకాలంలో సప్పుడు మొదలైంది. ఎడమ పక్క ముందు చక్రం దగ్గర, చిన్న గుంతలో పడితే "కట కట" అని. పెద్ద గుంతలో పడితే వినపడేది కాదు, చిన్న గుంతల్లోనే. కొన్ని రోజులకు బ్రేకు తొక్కినప్పుడు "దడ్" అని ఒకటే సప్పుడు, కాళ్ల కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు. బ్రేకు వదిలితే మళ్లీ ఇంకోటి.

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, మెయిన్ రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటాది. మెయిన్ రోడ్డు, అదే 167 నెంబరు జాతీయ రహదారి, దాని మీద పెద్ద ఇబ్బంది లేదు. ఈ మూడు కిలోమీటర్లే బండిని తినేది. దానికి కారణం మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మన చేలల్లో ఉన్న నల్లరేగడే రోడ్డు కిందా ఉంది. వానకు ఉబ్బుతాది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు ఇస్తాది. ఆ నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా పోతాది. పైన తారు పోసినా, కింద నేల ఏడాదికి ఒకసారి లేచి, ఒకసారి దిగుతాంటే తారు ఎట్ల నిలుస్తాది? అంచులు కుంగిపోతాయి, నడుమ గూని లేస్తాది. ఆ రోడ్డు మీద మారుతీ 800కు 12 అంగుళాల చక్రాలు. ట్రాక్టరు దాటిపోయే గుంతలో ఇది దిగి, ఎక్కి, పోవల్ల. ఆ దెబ్బంతా పడేది చక్రాన్ని పట్టుకున్న రబ్బరు ముక్కల మీద.

నేనేం చేశానో చెప్తా, నవ్వుకోండి. జూన్‌లో విత్తనం వేసే ముందు, గ్రీజు డబ్బా తీసుకొని కింద దూరి, కనపడిన ప్రతి అతుకుకూ దట్టంగా పూశాను.

అది మా నాయన నుంచి వచ్చిన అలవాటు. మాకు ఎద్దుల బండి ఉండేది, టైరు బండి కాదు, ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రాలది. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి కందెన చేసేవాడు. వారం వారం ఇరుసుకు పెట్టేవాడు. బండి కిర్రుమంటే "అది ఆకలని ఏడుస్తాంది రా" అనేవాడు. కందెన పెడితే సప్పుడు ఆగేది. నేనూ గ్రీజు పెట్టిన తర్వాత నిజంగానే సప్పుడు తగ్గింది. రెండు వారాలు. పని తెలిసినోడినని మీసం తిప్పుకున్నాను. మూడో వారం నుంచి ముందు కంటే ఎక్కువైంది. ఎందుకో తర్వాత చెప్తా.

అప్పటి నుంచి "పోతాంది కదా, పోనీలే" అని నడిపాను. పత్తికి మందు కొట్టే రోజులు. మెకానిక్ షెడ్డుకు పోతే ఒక రోజు పోతాది, ఐదు వేలు పోతాయి. మొదటి తీత అమ్మినాక చూద్దాంలే అనుకున్నా. మీరూ ఇట్లే అనుకుంటారని తెలుసు.

నవంబరులో నా బిడ్డను స్కానింగుకు తీసుకుపోయాను. ఎమ్మిగనూరుకు ఇచ్చాం, ఏడో నెల. మొదటి కాన్పు. ముందు రోజు ఇంటికి తెచ్చుకొని, పొద్దున ఆదోనికి బయలుదేరాం. ఆమె ముందు సీట్లో కూర్చుంది. మట్టి రోడ్డు దాటేలోపే అడిగింది.

"నాయనా, ఆ సప్పుడు ఏంది?"

"ఏం లేదు తల్లీ. పాత బండి, మాట్లాడుతాంటాది."

ఆదోని దగ్గరికి వస్తాన్నాం. పత్తి బస్తాలు రెండు పక్కలా బయటికి వేలాడేలా వేసుకొని ఒక బొలేరో ట్రక్కు ముందు పోతాంది. ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు గట్టిగా తొక్కాను. "దడ్" అంది, స్టీరింగు నా చేతిలోంచి ఎడమకు లాక్కుపోయింది. బండి రోడ్డు దిగి, కంపచెట్ల దగ్గర ఆగింది. ఎడమ పక్కకు లాగింది కాబట్టి సరిపోయింది. కుడికి లాగి ఉంటే ఎదురుగా లారీ వస్తాంది.

బిడ్డ కడుపు మీద రెండు చేతులు పెట్టుకొని కూర్చుంది. నన్ను ఏమీ అనలేదు. నేనే ఆమె ముఖం చూడలేకపోయాను. "పాత బండి మాట్లాడుతాంటాది" అన్న నా మాట నాకే గుర్తుకొచ్చింది. అది నిజమే, ఎండాకాలం నుంచి మాట్లాడుతాంది. విననిది నేను.

స్కానింగు అంతా బాగుందన్నారు. తిరిగి ఆటోలో వచ్చాం. కారును నేను ఒక్కణ్నే, ఇరవై మీద ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం, బెంగుళూరులో ఉండే మా అబ్బాయి వీడియో కాల్‌లో ఉండి చెప్తాంటే, నేనూ మా ఇంటామె కలిసి పరీక్ష చేశాం. ఈ పరీక్షలు మీరూ చేసుకోవచ్చు, ఖర్చు లేదు. రాసుకోండి.

ఒకటి. బండి ముందు మూల మీద రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి, దిగి, నిలవల్ల. ఊయల మాదిరి ఊగుతానే ఉంటే షాకబ్జర్ పోయినట్టు. షాకబ్జర్ గొట్టం మీద నూనె కారి దుమ్ము పట్టి ఉన్నా అంతే.

రెండు. చక్రం గాలిలోకి లేపి, టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని ఊపండి. కదిలితే రెండు కారణాలు ఉండొచ్చు, వీల్ బేరింగు గానీ, కింద ఉండే బాల్ జాయింటు గానీ. ఏదో తెలుసుకోవాలంటే ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టమనండి. అప్పుడు ఊపితే ఊపు ఆగిపోతే బేరింగు. బ్రేకు తొక్కినా ఊగుతాంటే బాల్ జాయింటు. మా ఇంటామె తొక్కి పట్టింది, చక్రం ఊగింది.

మూడు. టైరును ఆ పక్క ఈ పక్క పట్టుకొని ఊపండి. అట్ల కదిలితే అది స్టీరింగు వైపు సంగతి, టై రాడ్ ఎండ్ చూడల్ల.

నాలుగు. గడ్డపార లాంటిది పెట్టి లోయర్ ఆర్మును మెల్లగా ఎత్తి చూడండి. బుష్ రబ్బరు చిరిగి ఉంటే ఆర్ము ఇష్టమొచ్చినట్టు కదులుతాది.

నాకు లోయర్ ఆర్ము లోపలి బుష్ చిరిగిపోయింది. బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు పగిలి, లోపలికి దుమ్ము పోయి, గ్రీజంతా ఎండిపోయి ఉంది. ఇంక స్టెబిలైజర్ బార్ చివర బుష్‌లు పిండి పిండి. మారుతీ 800లో ఆ బార్ ఉత్తగా బండి ఒరగకుండా చూసేది మాత్రమే కాదు. దాని చివర లోయర్ ఆర్ములో దూరి, చక్రం వెనక్కి పోకుండా పట్టుకునేది కూడా అదే. ఆ బుష్ అరిగితే బ్రేకు తొక్కగానే చక్రం అంగుళం వెనక్కి జరుగుతాది. "దడ్" అనేది ఆ జరుగుడే, ఎడమకు లాగింది దాని వల్లే.

బాల్ జాయింటు సంగతి ఇంకా భయంకరం. కింది నుంచి చక్రాన్ని ఆర్ముకు పట్టేది ఆ ఒక్క గుండే. అది ఊడితే చక్రం బయటికి మడత పడి, బండి నేలకు కూలబడతాది. అట్లాంటి దాని మీద నా బిడ్డను కూర్చోబెట్టుకొని పోయినాను.

మరుసటి రోజు ఆదోనిలో సామాను తెచ్చాను. ఈ బండికి బాల్ జాయింటు, లోయర్ ఆర్ము కలిసే వస్తాయి. రెండు పక్కలకూ రెండు ఆర్ములు, స్టెబిలైజర్ బుష్‌లు, కొత్త స్ప్లిట్ పిన్నులు, అన్నీ కలిపి రెండు వేల చిల్లర. ఒక పక్కే మారుస్తే ఇంకో పక్క మూడు నెలల్లో పోతాది, రెండూ ఒకేసారి మార్చమని షాపు భాయ్ చెప్పినాడు. అంతవరకు బాగానే ఉంది.

ఇంటి ముందు బేతంచర్ల బండలు పరిచిన గట్టి వాకిలి ఉంది. ముందు రోజు పరీక్ష చేసింది అక్కడే. కానీ ఆ పొద్దున రెండో తీత పత్తి వచ్చి వాకిలి నిండా పోసి ఉంది. ధర కోసం నిలబెట్టాలనుకున్నా. అందుకని కారును ఇంటి వెనక కళ్లంలోకి, వేపచెట్టు నీడకు తోలాను. మా ఇంటామె కూలోళ్లతో చేనుకు పోయింది. బిడ్డ లోపల పడుకుంది. నేనొక్కణ్నే.

కళ్లం పైన ఎండి గట్టిగానే ఉంది. కాలితో తొక్కి చూశాను కూడా. మన రేగడి ఎట్లాంటిదో ముప్పై ఏండ్ల నుంచి సేద్యం చేసేవాడికి తెలియదా? తెలుసు. పైన పొర ఆరినా, వానలు పోయిన నెలకు కూడా జానెడు కింద పచ్చిగా ఉంటాది. నాగలికి ఆ లెక్క చూసుకుంటాం. జాకీకి చూసుకోలేదు.

చేసినవి చెప్తా. హ్యాండ్‌బ్రేకు వేశాను. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాను. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చేశాను. బండితో వచ్చిన జాకీ, దాని అడుగు అరచేయంత. దాని కింద ఒక ఇటుక పెట్టి లేపాను. చక్రం తీసి పక్కన పెట్టాను.

అప్పుడు పశువుల కొట్టం పక్కన మొద్దు కనపడింది. తుమ్మ మొద్దు, రెండడుగుల పొడవు, నడుమంత లావు. అది మా నాయన బండి మొద్దు. ఇరుసుకు కందెన పెట్టాలంటే చక్రం లాగల్ల. చక్రం లాగే ముందు ఆ మొద్దు ఇరుసు కిందికి దొర్లించనిదే ఆయన చీల మీద చెయ్యి వేసేవాడు కాదు. నేను పిల్లప్పుడు ఒకసారి తొందరపడి చీల పెరకబోతే చెంప మీద ఒకటి ఇచ్చినాడు. "మొద్దు పెట్టకుండా బండి కిందికి చెయ్యి పెట్టగూడదు" అన్నాడు, అంతే, ఇంకేం వివరం చెప్పలేదు. ఆయన పోయి పన్నెండేండ్లయింది. బండి అమ్మేశాం. మొద్దు మాత్రం కట్టెలు కొట్టడానికి ఉండిపోయింది.

నిజం చెప్తాన్నా, ప్రమాదం గురించి ఆలోచించి కాదు. అలవాటు మీద దొర్లించుకొచ్చి, తలుపు ముందు భాగంలో కింద గట్టిగా ఉండే చోట నిలబెట్టాను. మొద్దుకూ బండికీ నడుమ మూడు వేళ్ల సందు మిగిలింది. ఇంకొంచెం ఎత్తు కోసం చెక్క పెట్టాలనుకున్నా, దొరకలేదు, పోనీలే అనుకున్నా.

ఆర్ము చివర బాల్ జాయింటును పట్టుకునే బోల్టు ఒకటి ఉంటాది. తుప్పు పట్టి కదలలేదు. పానాకు ఇనుప పైపు తొడిగి, వెల్లకిలా పడుకొని, తలా ఎడమ భుజమూ చక్రం ఉండే గూడు కిందికి పెట్టి, రెండు చేతులా లాగాను. బోల్టు "టక్" మని వదిలింది. సంతోషపడేలోపు బండి నిట్టూర్చినట్టు ఒక సప్పుడు చేసింది.

ఇటుక రెండు ముక్కలైంది. జాకీ ఒక పక్కకు రేగడిలోకి దిగి ఒరిగిపోయింది. బండి నా మీదికి వచ్చింది. ఆరున్నర క్వింటాళ్ల బండి. మూడు వేళ్ల ఎత్తు పడి మొద్దు మీద కూర్చుంది. బ్రేకు డిస్కు నా ఛాతీకి బెత్తెడు దూరంలో ఆగింది. దాని మీది తుప్పు నా చొక్కా మీద రాలింది.

ఎంతసేపు అట్లే పడుకొని ఉన్నానో తెలియదు. కదిలితే పడుతుందేమో అని భయం. మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చాను. కాళ్లు నిలబడలేదు. మొద్దు దగ్గరే కూర్చున్నాను. లోపలి నుంచి బిడ్డ "నాయనా, ఏం పడింది?" అని కేకేసింది. "జాకీ జారింది, ఏం లేదు" అన్నాను. మళ్లీ అదే "ఏం లేదు".

ఆ పొద్దు పని ఆపేశాను. సాయంత్రం ఇద్దరు పిల్లోళ్లను పిలిచి, వాకిట్లో పత్తిని ఒక పక్కకు ఎత్తించి, కారును జాగ్రత్తగా లేపి బండల మీదికి నెట్టించుకున్నాను. మరుసటి రోజు బండ మీద రెండంగుళాల మందం చెక్క, దాని మీద జాకీ. బండ ఒక్కటే అయినా పనికిరాదు, జాకీ కాలి కింద బరువంతా ఒకచోట పడి బండ పగలొచ్చు. మొద్దు మీద చెక్కలు పేర్చి, సందు లేకుండా బండిని దాని మీదికి దించాను. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి పడుకోబెట్టాను. చక్రం ఎట్లా ఖాళీగా ఉంటాది, దానికి వేరే పనేముంది? ఆ తర్వాత బండిని చేత్తో గట్టిగా ఊపి చూశాను. కదలలేదు. అప్పుడు చెయ్యి పెట్టాను.

ఇంక పని తీరు చెప్తా.

స్టెబిలైజర్ బార్ చివర పిన్ను తీసి, నట్టు విప్పి, వాషర్లు ఏది ముందు ఏది వెనక అని ఫోటో తీసి పెట్టుకోండి. బాల్ జాయింటు పట్టే బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయల్ల. అది బాల్ జాయింటు కడ్డీకి ఉండే గాడిలో కూర్చొని ఉంటాది, కొంచెం మిగిలినా ఎంత కొట్టినా రాదు. చీలిక దగ్గర ఉలి పెట్టి ఒక్క రవ్వ వెడల్పు చేసి, ఆర్మును గడ్డపారతో కిందికి వంచితే వస్తాది. లోపలి పక్క బోల్టు విప్పితే ఆర్ము చేతిలోకి వస్తాది. తుప్పు బోల్టులకు ముందు రోజు రాత్రే నూనె వేసి పెడితే నా మాదిరి పైపు పెట్టి లాగే పని ఉండదు.

పాత ఆర్ము చేతిలో పెట్టుకొని చూస్తే అర్థమైంది, జూన్‌లో నేను చేసిన ఘనకార్యం. బుష్ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, వేలితో గిల్లితే ముక్కలు రాలుతాంది. గ్రీజు పెట్టి దాన్ని నేనే చంపాను.

ఎద్దుల బండి ఇరుసు మీద చక్రం తిరుగుతాది. ఒకదాని మీద ఒకటి రాపిడి, కాబట్టి కందెన కావల్ల. కారు బుష్ అట్ల కాదు. నడుమ ఇనుప గొట్టాన్ని బోల్టు బిగించి పడతాది, అది తిరగదు. దానికి అతుక్కున్న రబ్బరే మెలితిరిగి, మళ్లీ యథాస్థానానికి వస్తాది. మీ ముంజేతిని ఇంకో చేత్తో పట్టుకొని తిప్పండి, చర్మం మెలిపడి మళ్లీ వెనక్కి వస్తాది చూడండి, అదే. అక్కడ రాపిడి లేదు, గ్రీజుకు పని లేదు. పైగా మామూలు గ్రీజు, డీజిలు, ఇంజను నూనె రబ్బరును తింటాయి. బుష్ ఎక్కకపోతే సబ్బునీళ్లు రాయండి, చాలు. గ్రీజు కావాల్సింది బాల్ జాయింటు గుండుకు, అది దాని తొడుగు లోపల పెట్టే వస్తాది. ఆ తొడుగు పగిలిందా లేదా అన్నది ఏడాదికి రెండుసార్లు చూసుకోండి.

ఇంకోటి, షెడ్డుల్లో కూడా కొందరు తొందరలో వదిలేసేది. కొత్త ఆర్ము పెట్టి, లోపలి బోల్టును చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడే గట్టిగా బిగించొద్దు. అప్పుడు ఆర్ము కిందికి వంగి ఉంటాది. అట్ల బిగిస్తే రబ్బరు ఆ వంపుకే అతుకుతాది. బండి దించగానే ఇరవై నాలుగు గంటలూ మెలిపడే ఉంటాది, ఆరు నెలల్లో చిరుగుతాది. చేత్తో తిప్పినంత బిగించి, చక్రం వేసి, బండిని నేలకు దించి, రెండుసార్లు నొక్కి, అప్పుడు చివరి బిగింపు.

స్ప్లిట్ పిన్ను పాతది మళ్లీ వాడొద్దు. నాలుగు రూపాయల వస్తువు. బండి చక్రానికి చీల ఎంతో ఆ నట్టుకు ఈ పిన్ను అంత.

నా ఎడమ షాకబ్జర్‌కు నూనె కారుతాంది. దాన్ని ఇంట్లో విప్పలేదు. ఎందుకో వినండి. ఈ బండి ముందు భాగంలో షాకబ్జరు, స్ప్రింగు, చక్రాన్ని నిలబెట్టే స్తంభం, మూడూ ఒకటే ముక్క. 1940లలో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు పెట్టిన పద్ధతి అది, అందుకే దాన్ని ఇప్పటికీ మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. లోయర్ ఆర్ము విప్పినంత మాత్రాన స్ప్రింగుకు ఏమీ కాదు, అది దాని పళ్లేల నడుమ భద్రంగా ఉంటాది. కానీ షాకబ్జర్ మార్చాలంటే పైన ఉండే నట్టు విప్పల్ల. ఆ నట్టే నొక్కిపెట్టిన స్ప్రింగును పట్టుకొని ఉండేది. స్ప్రింగును పట్టి అణిచే పనిముట్టు లేకుండా అది విప్పితే తుపాకీ పేలినట్టే, ముఖం ఉంటే ముఖం, చెయ్యి ఉంటే చెయ్యి. తాళ్లతో కట్టి విప్పుతామనే మొనగాళ్లు ఉన్నారు. వద్దు. ఆ పని ఆదోనిలో మెకానిక్ భాయ్‌తో చేయించాను. రెండు షాకబ్జర్లూ మార్చి, అక్కడే చక్రాల అలైన్‌మెంటు కూడా చేయించాను. ఆర్ములు మార్చినాక అలైన్‌మెంటు చేయించకపోతే కొత్త టైర్లు ఒక అంచున గీకినట్టు అరుగుతాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ చోట చూసి, నలభై మీద ఉన్నప్పుడు బ్రేకు తొక్కాను. నేరుగా ఆగింది. మా ఊరి మట్టి రోడ్డు మీద కూడా చెవి రిక్కించి విన్నాను. డ్యాష్‌బోర్డు గలగల, వెనక తలుపు గలగల, అవి మామూలే. చక్రం దగ్గర ఏమీ లేదు.

ఇదంతా రాసింది కారున్నోళ్లకు మాత్రమే కాదు. మనమంతా ట్రాలీ టైరు పంక్చరైతే చేనులోనే జాకీ పెడతాం. ట్రాక్టరు ముందు చక్రం విప్పుతాం. లోడు దించకుండానే రాయి మీద రాయి పెట్టి లేపుతాం. మన నేల రేగడి. దాని మీద జాకీ నిలబడినట్టే కనపడతాది, పావుగంట నిలబడతాది కూడా. ఆ తర్వాత మెల్లగా తింటాది. ఎర్రనేలలో పని చేసినోడి లెక్క మనకు సరిపోదు. జాకీ బరువు ఎత్తడానికే గానీ, మోయడానికి కాదు. మోసేది వేరే ఉండల్ల. జాక్ స్టాండ్లు కొనుక్కోగలిగితే కొనండి, ఊరికి ఒక జత ఉన్నా నలుగురం వాడుకోవచ్చు. లేకుంటే మంచి మొద్దు, దాని కింద వెడల్పు చెక్క. ఇటుక మాత్రం వద్దు, ఎన్ని పేర్చినా వద్దు. ఒక్కరే ఉన్నప్పుడు బండి కిందికి పోవద్దు. కేక వినపడే దూరంలో ఒక మనిషి ఉండల్ల.

మా నాయన చెప్పిన వాటిలో ఒకటి నన్ను కాపాడింది, ఒకటి నా బండిని చెడగొట్టింది. అందులో ఆయన తప్పేం లేదు. ఆయన కొయ్య ఇరుసుకు చెప్పినాడు, నేను రబ్బరు బుష్‌కు చేశాను. మొద్దు సంగతి మాత్రం ఏ బండికైనా ఒకటే.

బిడ్డకు సంక్రాంతి దాటినాక కాన్పైంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. ఆసుపత్రి నుంచి ఆ కారులోనే ఇంటికి తెచ్చుకున్నాం. ఆమె ఈ పేజీ చదువుతాది, ఆ పొద్దు పడింది జాకీ ఒక్కటే కాదని ఈ పొద్దు తెలుస్తాది. తిట్టుకుంటే తిట్టుకోనీ.

మొద్దును కట్టెలు కొట్టడానికి ఇంక వాడటం లేదు. కడిగి, రెండు పక్కలా చదును చేయించి, కారు పక్కనే పెట్టాను. మీ బండ్లకు ఈ సప్పుళ్లు ఏమన్నా ఉంటే పైన చెప్పిన నాలుగు పరీక్షలు ఈ ఆదివారం చేసి చూడండి. జాకీ ఎక్కడ పెడుతున్నారో ముందు చూసుకోండి.

ఉంటాను. రేపు మూడో తీతకు కూలోళ్లను మాట్లాడుకోవల్ల, సగం మంది సుగ్గికి గుంటూరు పక్కకు పోయినారు.